నిండుగానే ఉంది

మా వీధిలో కోళ్ళకన్నా ముందు మేలుకునేది మా తమ్ముడి వ్యాను. ఐదుంబావుకల్లా బానెట్ కిర్రుమంటూ లేస్తుంది. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో వాడు ఇంజనాయిల్ కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూస్తాడు. రేడియేటర్లో నీళ్ళు చూస్తాడు. చివరికి కుడిచేతి మూలనున్న చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా మీదికి వెలుగు తిప్పుతాడు. అది బ్రేకాయిల్ డబ్బా. దాని పొట్ట మీద రెండు గీతలుంటాయి. కిందిది ఇంతకు తగ్గకూడదని, పైది ఇంతకు మించకూడదని. ఆ రెండింటి మధ్య ఎక్కడో నల్లటి నీడ కదిలితే చాలు, "నిండుగానే ఉంది" అని పైకే అనుకుని బానెట్ దించేస్తాడు. వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని ఏళ్ళ తరబడి ఆ మాట వింటున్నాను. వినీ వినీ అది నాకు సుప్రభాతంలా అయిపోయింది. అర్థం పట్టించుకోకుండా వినడం అలవాటైపోయింది. ముందటేడు భాద్రపదం నుంచి మాత్రం ఆ మాట దగ్గర నాకు గుటక పడడం లేదు. నిండుగా ఉన్నదేమిటి? డబ్బానా, డబ్బాలో ఉండాల్సిన సరుకా?

నేను ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. పాస్కల్ నియమం ఎన్ని తరగతులకి చెప్పానో లెక్కలేదు. మూసివున్న పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ ఒకేలా పాకుతుందని చెప్పి, బోర్డు మీద బ్రామా ప్రెస్ బొమ్మ గీసి, చిన్న పిస్టన్ మీద కోడిపిల్లనీ పెద్ద పిస్టన్ మీద ఏనుగునీ నిలబెట్టేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆపైన అనువర్తనాలు. ఒకటి బ్రామా ప్రెస్, రెండు హైడ్రాలిక్ బ్రేకులు, నాలుగు మార్కులు, గంట కొట్టేస్తారు. ఒకసారి వెనక బెంచీలోంచి ఓ కుర్రాడు లేచి, "బ్రేకుల్లో ఏ ద్రవం పోస్తారు సార్? నీళ్ళు పోస్తే పని చెయ్యదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి నేనేం చెప్పానో కూడా గుర్తుంది. "ద్రవం ఏదైనా నియమం ఒకటేరా, కూర్చో" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ కుర్రాడికి దక్కాల్సిన జవాబూ కాదు. వాడిప్పుడు ఎక్కడున్నాడో, ఏ బండి నడుపుతున్నాడో.

ముందటేడు భాద్రపదంలో, వినాయక చవితి వెళ్ళిన వారానికి, అరకులో ఒక పాత శిష్యుడి గృహప్రవేశానికి వెళ్ళాను. వెళ్ళడం రైల్లో, రావడం మా తమ్ముడి వ్యాన్లో. వెనక అల్లం బస్తాలు, అనాసపళ్ళు, వాటి మధ్య ఎవరిదో పాత ఇనప బీరువా. బండీ సరుకూ కలిపి మూడు టన్నులకి తక్కువుండదు. సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి దాటాం. కాఫీ తోటల మీద మబ్బు దిగి కూర్చుంది. రెండో గేరులో నిమ్మళంగా దిగాల్సిన రోడ్డది. మావాడు మూడో గేరులో, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ, గృహప్రవేశంలో వంకాయ కూర ఎలా ఉందో అడుగుతూ దించుతున్నాడు. టైడా దాటి కిందికొస్తుంటే వాడి మాట సగంలో తెగిపోయింది. కుడికాలు టకటకా మూడుసార్లు కొట్టడం చూశాను. "అన్నయ్యా, పెడలు కిందికి పోతోంది" అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి, ఇంజను గోలగోలగా అరిచింది. హ్యాండ్ బ్రేకు పళ్ళు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు లాగాడు. కొండవైపు కాలవలోకి చక్రాలు దించి, మట్టిగట్టుకి ఒరిపించి ఆపాడు. బీరువా తలుపు తెరుచుకుని దబ్బున కొట్టుకుంది. ఆ తరవాత చాలాసేపు అల్లం వాసన, దాన్ని మించి మాడిన లైనర్ల వాసన.

సన్న చినుకులు చక్రాల మీద పడి చుయ్యిమంటున్నాయి. ఇద్దరం రాయి మీద కూర్చున్నాం. ఎక్కడో దగ్గర్లో కొత్తవలస-కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బరువుగా దిగుతున్న చప్పుడు. అంత బరువు దిగుతూ కూడా దానికి లేని బెంగ మనకెందుకు అనిపించింది. రైలుకున్నవి గాలి బ్రేకులు. గొట్టంలో గాలి పోయిందా, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకి పేటెంటు తీసుకుని, 1872లో ఈ తిరకాసు చేర్చాడు. చెడితే ఆగిపోవడమే దాని స్వభావం. పెద్ద లారీలకీ బస్సులకీ ఇంచుమించు అదే ధర్మం, గాలి పోతే స్ప్రింగు పట్టేస్తుంది. వ్యానుది మరో జాతకం. పాదానికీ చక్రానికీ మధ్య సన్నటి గొట్టాల్లో కాస్త ద్రవం, అంతే. గొట్టం కారితే సగం బ్రేకులైనా మిగలాలని రెండు దారులు విడివిడిగా పెడతారు. కానీ ఆ ద్రవమే మాట తప్పితే రెండు దారులూ ఒకేసారి తప్పుతాయి. ఇదంతా ఆ రాయి మీద కూర్చుని ఆలోచించానని చెబితే గొప్పగా ఉంటుంది. నిజానికి అప్పుడు నేను ఆలోచించింది మంచినీళ్ళ సీసా ఎక్కడ పెట్టానా అని.

ముప్పావుగంటకి మావాడు లేచి, బండెక్కి, పెడలు తొక్కాడు. గట్టిగా ఉంది. మళ్ళీ తొక్కాడు. రాయిలా ఉంది. "చూశావా, ఏం లేదు" అన్నాడు. ఆ సంఘటన మొత్తంలో నన్ను ఇప్పటికీ వేధించేది ఆ మాటే. గొట్టం తెగిపోయి ఉంటే షెడ్డుకి లాక్కెళ్ళేవాళ్ళం. ఏమీ తెగలేదు, ఎక్కడా కారలేదు. దొంగ వచ్చి, దోచి, ఇల్లు సర్దిపెట్టి వెళ్ళినట్టు. మర్నాడు షెడ్డులో మేస్త్రి కూడా చక్రాల కిందకి దూరి చూసి, పెడలు తొక్కి చూసి, డబ్బా మూత మీద వేలితో కొట్టి అన్నాడు. "ఆయిలు నిండుగుంది కదేటి మాస్టారూ. వేడెక్కింది, సల్లారింది. బాగున్న బండిని ఇప్పి ఏటి సేస్తాం?" నిండుగుంది. మళ్ళీ అదే మాట.

ఆ రాత్రి నిద్రపట్టక కాగితం మీద లెక్క వేశాను. అరకు నుంచి ఘాట్ అడుగునున్న ఎస్.కోటకి ఎంత లేదన్నా 800 మీటర్ల దిగుడు. మూడు టన్నుల బరువు. గుణిస్తే రెండు కోట్ల ముప్పై అయిదు లక్షల జౌళ్ళు. అంటే 80 లీటర్ల చన్నీళ్ళని తెర్లే దాకా కాచే వేడి. పెళ్ళివారింట్లో పెద్ద గుండిగని తలుచుకోండి. గేరు తగ్గించి దిగితే అందులో ఎక్కువ భాగం ఇంజను మింగేస్తుంది. మావాడిలా కబుర్లలో దిగితే అదంతా నాలుగు చక్రాల బ్రేకులు మింగాలి. మింగితే బ్రేకులు జారడం రెండు రకాలుగా ఉంటుంది. లైనర్లు మాడితే పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మా పెడలు కిందికి దిగిపోయింది. అంటే గొట్టాల్లో ద్రవం బదులు నొక్కుడుకి లొంగేదేదో తయారైంది. చల్లారగానే అది మాయమైంది. ఆవిరి. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకి పైగా ఉబ్బుతుంది. చిన్న బొట్టు చాలు, తొక్కిన తొక్కుడంతా ఆ బుడగని అణచడానికే సరిపోతుంది. ద్రవాలు కుదించుకుపోవని ముప్పై నాలుగేళ్ళు బల్లగుద్ది చెప్పాను. ద్రవం ద్రవంగా ఉన్నంతసేపే అన్న ముక్క ఏ సంవత్సరమూ బోర్డు మీద రాయలేదు. పుస్తకంలోనూ లేదనుకోండి. పుస్తకం మీదికి నెట్టేస్తే నాకు కొంత తేలికగా ఉంటుంది.

మరి నీరెక్కడిది? మేం పోయలేదే? ఇక్కడే ఆ వస్తువు గుణం తెలుసుకోవాలి. బ్రేకాయిలుకి నీటి దాహం. గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. మూత తీసినప్పుడల్లా, మూతకుండే గాలి రంధ్రంలోంచి, ఆఖరికి రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా. వానాకాలం జంతికల డబ్బా మూత సరిగ్గా పడకపోతే రెండోనాటికి జంతికలు మెత్తబడతాయి, రాళ్ళుప్పు జాడీ అడుగున నీరు ఊరుతుంది. మా మరదలు వాటిని వేలితో ముట్టుకుని చెప్పేస్తుంది. బ్రేకాయిలుని అలా చెప్పలేం. నీరు అందులో కరిగిపోతుంది, తేలదు, దిగదు, కనిపించదు. రంగు చూసి చెప్పడమూ కష్టమే, నల్లబడ్డదంతా తడిసిందని కాదు, తేటగా ఉన్నదంతా పొడిదని కాదు. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ద్రవం నూటికి 3.7 వంతులు నీరు పీల్చుకుంటే 140 దగ్గరే మరిగినా తప్పు పట్టరు. అర లీటరులో 3.7 వంతులంటే నాలుగు టీ చెంచాలు కూడా కాదు. పెరట్లో తులసమ్మకి పోసే నీళ్ళకన్నా తక్కువ. దానికి 65 డిగ్రీలు పోయాయి.

అయితే నీరు తాగని ద్రవమే పొయ్యొచ్చు కదా అని ఆశ్చర్యపోయాను. అలాంటిదీ ఉంది, సిలికాన్‌తో చేసిన డాట్ 5. అది నీటిని ముట్టుకోదు. కానీ చెమ్మ ఎలాగూ లోపలికి వస్తుంది, కరగడానికి చోటు దొరకదు కాబట్టి బొట్లు బొట్లుగా వెళ్ళి పల్లంలో కూర్చుంటుంది, అక్కడ ఇనుము తుప్పు పడుతుంది, నీరు నీరుగానే నూరు డిగ్రీలకే మరుగుతుంది. దానికన్నా పీల్చుకుని తనలో పలచగా పంచుకునే ద్రవమే నయమట. అంటే దాని లోపమే దాని పనితనం. మనకి వచ్చే వ్యాన్లన్నీ దాదాపు ఈ పీల్చే జాతి ద్రవంతో నడిచేవే. రెంటినీ కలపకూడదు.

అసలు దీన్ని ఆయిల్ అనడమే మనం చేసిన మొదటి పొరపాటేమో. ఇది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ల కుటుంబం. నిజమైన నూనె, ఇంజనాయిల్ లాంటిది, ఇందులో చెంచాడు పడినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. "ఆయిలే కదా" అని చేతికందిన డబ్బాలోది పోసినవాళ్ళ కథలు ప్రతి షెడ్డులోనూ ఉంటాయి. కానీ ఆ పేరుకీ ఒక పూర్వజన్మ ఉంది. 1917లో అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకులకి పేటెంటు పొందాడు, విమానాల లాక్‌హీడ్ అన్నదమ్ముల్లో ఒకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ అవి వచ్చాయి. ఆ తొలిరోజుల్లో బ్రేకుల్లో వాడిన ద్రవాల్లో ఆల్కహాల్ కలిపిన ఆముదం ఒకటి. ఆముదం! అది చదివిన రోజున నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. నెలకోసారి ముక్కు మూసి పట్టించే ఆముదం, సంధ్యదీపంలో ఆముదం, బండి ఇరుసుకి ఆముదం. ఎడ్లబండి ఇరుసు దగ్గర ఆగిపోయిందనుకున్నది చక్రాల లోపలికే వెళ్ళి బ్రేకైందన్నమాట. నల్గొండ, పాలమూరు చెలకల్లో మెట్టపంటగా పండే ఆ గింజకి ఇంత చరిత్ర ఉందని ఆ రైతులకి ఎవరైనా చెప్పారో లేదో. ఈ సంగతి మా తమ్ముడికి ఉత్సాహంగా చెప్పాను. వాడు ఆముదం తాగిన మొహం పెట్టాడు.

ఆయిలు మార్చాల్సిందేనని తేల్చుకున్నాక, ఏది కొనాలన్న దగ్గర మాకో చిన్న యుద్ధమే జరిగింది. స్పేర్ పార్టుల దుకాణంలో బల్ల మీద మూడు నాలుగు డబ్బాలు పెట్టారు. మూడు, నాలుగు, ఐదు పాయింట్ ఒకటి. అంకె పెద్దదైతే సరుకు గొప్పదని మనకో నమ్మకం, మార్కులిచ్చి ఇచ్చి ఆ జబ్బు పిల్లలకి అంటించింది మాలాంటి వాళ్ళమే. ఇక్కడ అంకెలు అంత తిన్నగా నడవవు. ఐదు సిలికాన్, ఐదు పాయింట్ ఒకటి మళ్ళీ గ్లైకాల్ జాతి. పేర్లు కవలల్లా ఉంటాయి, ఒకదాని ఇంట్లో ఒకటి ఇమడదు. అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలే ఈ డాట్ అన్నది. మా బండి మూత మీద డాట్ 3 అని అచ్చుపోసి ఉంది, సీలున్న డబ్బాలోంచే పొయ్యండని కూడా. పదకొండేళ్ళుగా దాని మీద టార్చి వేస్తున్నాం, ఒక్కరోజూ చదవలేదు. డాట్ 4 కూడా అదే జాతి, పొడిగా ఉంటే 230, తడిస్తే 155. వారానికి మూడుసార్లు ఘాట్ దిగే బండికి ఆ పదిహేను డిగ్రీలు ఎందుకు వదులుకోవాలి? మేస్త్రి సరేనన్నాడు, కానీ పాతది పూర్తిగా పోవాలన్నాడు, సగం అదీ సగం ఇదీ వద్దన్నాడు. మా తమ్ముడికి డాట్ 4 ఖరీదు ఎక్కువనిపించింది. లీటరు డబ్బా ఖరీదు ఆ వారం వాడు కట్టిన టోలుకన్నా తక్కువ. ఆ మాట నేను పైకి అనలేదు, అన్నదమ్ములం కలిసి ఉండాలి కదా.

దుకాణంవాడు పక్కనే ఇంకో డబ్బా చూపించాడు. సగం వాడినది, మూతి దగ్గర గుడ్డపీలిక దోపి ఉంది. "కొంచెం తగ్గితే పైన పోసుకోడానికైతే ఇది చాలు, సగం రేటుకిస్తా" అన్నాడు. సముద్రం మీంచి వచ్చే గాలి ఆ గుడ్డపీలికలోంచి ఎన్నాళ్ళుగా లోపలికి పోతోందో. మా వ్యానుకి పదకొండేళ్ళుగా జరిగింది ఆ "పైన పోసుకోవడమే". చుట్టాలొస్తే చారులో చెంబెడు నీళ్ళు పోసినట్టు, పులిసిన దోసెలపిండిలో కొత్తపిండి కలిపినట్టు. మన ఇళ్ళలో పైపోత తప్పని నేననను. ఆవకాయ జాడీలో నూనె తగ్గితే కాచి చల్లార్చి పోయడం ధర్మమే, ముక్క మునిగి ఉండాలి. కానీ ఆవకాయని ఏడాదికోసారి జాడీ కడిగి కొత్తది పెడతాం. బ్రేకాయిలు జాడీ కడిగిందెప్పుడు? నేను మాత్రం తక్కువ తిన్నానా. మొదటి ఏడు రాసుకున్న పాస్కల్ నోట్సు మీదే ముప్పై మూడేళ్ళు అంచుల్లో ఎర్ర ఇంకుతో చేర్పులు చేసుకుంటూ వెళ్ళాను.

పైపోతలో ఇంకో నష్టం ఉంది, అది మేస్త్రి చెబితే తెలిసింది. ముందు చక్రాల ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని తోసే పిస్టన్లు కాస్త కాస్త బయటికి జరుగుతాయి. వాటి వెనక ఏర్పడ్డ ఖాళీలోకి డబ్బాలోని ద్రవం దిగుతుంది. కారడమేమీ లేకుండా మట్టం నెమ్మదిగా తగ్గుతోందంటే ప్యాడ్లు అరుగుతున్నాయని బండి కబురు పంపుతున్నట్టు. మావాడు ఆ కబురు అందినప్పుడల్లా నింపేసేవాడు. నాలుగేళ్ళ కిందట కొత్త ప్యాడ్లు వేయించినప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టగానే డబ్బా పొంగి పొర్లిందట. "పాల పొంగులా శుభం" అని అందరూ నవ్వుకున్నారట. మట్టం చూసేవాడికి మట్టం ఒక భాషలో మాట్లాడుతుంటే వాడు దాని నోట్లో నీళ్ళు, కాదు, ఆయిలు పోశాడు. మావాణ్ణి అంటున్నాను గానీ, మట్టమే చూడమని గీతలు గీసిపెట్టిన డబ్బాదీ కొంత తప్పుంది. తడి ఎంతుందో చెప్పే గీత దాని మీద లేదు. అది చెప్పే పెన్ను లాంటి చిన్న పరికరాలు వచ్చాయి, దీపం వెలిగించి చూపిస్తాయి. మా షెడ్డులో అలాంటిది లేదు. మన జనం మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ని ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి వెళ్ళినప్పుడు ఆయన ముందు మా బండి చక్కగా ఆగింది. చల్లటి బండి, చదును నేల, ఆగక ఏం చేస్తుంది?

మేస్త్రి మొదట్లో ఎందుకు వద్దన్నాడో కూడా తరవాత అర్థమైంది, బద్ధకం కాదు. ఆయిలు మార్చాలంటే నాలుగు చక్రాల దగ్గరా చిన్న నిప్పల్ విప్పాలి. పదకొండేళ్ళు కదలని నిప్పల్ తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. బలం వేస్తే విరుగుతుంది. విరిగితే ఆ సిలిండరే మార్చాలి, ఆ ఖర్చు ఎవరి నెత్తిన? "బాగున్న బండిని పాడుచేశాడు" అన్న పేరు ఎవరికి? పాతబడింది మార్చడానికి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడే అందరికన్నా ఎక్కువ జంకుతాడు. చివరికి, విరిగితే ఖర్చు మాదేనని నేను మాటిచ్చాక, మహర్నవమి ముందురోజు బండి షెడ్డులో పెట్టాం. ముందురాత్రే నిప్పల్స్ మీద డీజిలు చుక్కలు వేసి నానబెట్టాడు. మూడు కదిలాయి. నాలుగోది, వెనక కుడిది, విరిగింది. మేస్త్రి నావైపు చూశాడు, నేను తమ్ముడివైపు చూశాను, వాడు ఆకాశంవైపు చూశాడు.

కొత్త సిలిండరు వచ్చేదాకా షెడ్డులో బల్ల మీద కూర్చుని పాస్కల్ గురించి ఆలోచించాను. రిటైరయ్యాక ఆయన జీవితం చదివాను, సర్వీసులో ఉండగా తీరలేదు, లేదా తీరిక చేసుకోలేదు. 1623లో పుట్టి ముప్పై తొమ్మిదేళ్ళకే పోయాడు. ద్రవాల గురించిన గ్రంథం ఆయన పోయాక 1663లో అచ్చయింది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకోటి. చనిపోయిన 1662లోనే, మార్చి నెలలో, ఆయన పూనికతో ప్యారిస్ వీధుల్లో అద్దె గుర్రపు బళ్ళు మొదలయ్యాయి. ఇంత దారి అని కట్టుబాటు, మనిషికి ఐదు సూ నాణేల ఛార్జీ, జనం ఎక్కినా ఎక్కకపోయినా వేళకి కదలడం. ఊళ్ళో తిరిగే బస్సుకి తొలిరూపం అదే అంటారు. మా తమ్ముడిలాగా ఆయనా కిరాయి బళ్ళు తిప్పాడన్నమాట. ఈ ముక్క తెలిసుంటే వెనక బెంచీ కుర్రాడికి చెప్పి ఉండేవాణ్ణి. నియమం మర్చిపోయినా బళ్ళు గుర్తుండేవి.

సాయంత్రానికి పని మొదలైంది. సిరంజితో డబ్బాలో పాతదంతా లాగేశారు. డికాషన్ రంగు. కొత్త డబ్బా సీలు నా కళ్ళముందే తెంపారు, తేనె నీళ్ళలా లేత పసుపు. స్టీరింగు కుడివైపు కాబట్టి మాస్టర్ సిలిండరుకి అన్నిటికన్నా దూరం వెనక ఎడమ చక్రం, మేస్త్రి అక్కణ్ణించి మొదలుపెట్టాడు. నిప్పల్‌కి తేట గొట్టం తగిలించి, దాని రెండో కొస ఖాళీ నీళ్ళ సీసాలో దూర్చాడు. పైన సీట్లో మా తమ్ముడు. "కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు!" పెడలు అదిమి పట్టగానే కింద స్పానరు పావు తిప్పు, గొట్టంలోకి నల్లటి ధార, బుడగలు, బిగింపు, "ఒదులు." మళ్ళీ. కిందివాడు బిగించకముందే పైవాడు వదిలితే గాలి లోపలికి లాగేస్తుంది, అంతా మొదటికొస్తుంది. ఒకరి మొహం ఒకరికి కనిపించదు, మాటే ఆధారం. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోసే పని నాకిచ్చారు. ఆ సాయంత్రం నేను పోసిన పోత మాత్రం పైపోత కాదు. ధార నలుపు నుంచి గోధుమ రంగుకీ, అక్కణ్ణించి పసుపుకీ మారడం చూస్తుంటే, పిల్లల ప్రయోగశాలలో లిట్మస్ రంగు మారినప్పుడు కూడా ఇంత సంతోషం వేయలేదే అనిపించింది. వయసు ప్రభావం కావచ్చు.

నాలుగో చక్రం దగ్గర నా చేయి వణికి ఒక చుక్క మడ్‌గార్డ్ మీద పడింది. "నీళ్ళోసెయ్యండి మాస్టారూ, పెయింటు తినేస్తాది" అని మేస్త్రి అరిచాడు. నీళ్ళ కోసం నేను అటూ ఇటూ చూసేసరికి ఆలస్యమైంది. మర్నాడు నవమి. మావాడు బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టాడు. పదకొండేళ్ళుగా ఏ ఏడూ తప్పలేదు ఆ పూజ. ఈసారి బానెట్ లోపలి రేకు మీద తెల్ల పెయింటుతో తారీకు, డాట్ 4 అని నేను రాశాను. రెండేళ్ళకోసారి మార్చాలన్నది మేస్త్రి మాట, కంపెనీ పుస్తకంలోనూ అంతే ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచీ విప్పకుండా బీరువాలో భద్రంగా దొరికింది.

మావాడు ఇప్పుడు రెండో గేరులో దిగుతున్నాడట, వాడే చెబుతాడు. పొద్దున్న ఐదుంబావుకి మాత్రం ఇంకా టార్చి వేసి "నిండుగానే ఉంది" అనే అంటున్నాడు. మడ్‌గార్డ్ మీద రూపాయి బిళ్ళంత పెయింటు లేచిపోయి ఇనుము కనిపిస్తుంది. వచ్చే దసరాకి రెండేళ్ళు నిండుతాయి. కొత్త డబ్బా ఇంకా కొనలేదు. నవమి ముందురోజు కొంటాం, సీలు చూసి.